ఫైబర్ కడ్డీకి లోహపు టోపీ: చీలకుండా, ఊడకుండా అతికించడం ఎలా

మామిడి సీజన్‌లో దామలచెరువు దగ్గర మా బావమరిది తోటకు ఒక దోటి (కాయలు కోసే పొడవాటి కర్ర) చేసిచ్చాను. కింద 32 మి.మీ. ఫైబర్ గొట్టం, పైన మీటరు పొడవున 16 మి.మీ. గట్టి ఫైబర్ కడ్డీ, దాని కొసకు అల్యూమినియం టోపీ, ఆ టోపీకి కొక్కెం, చిక్కం. టోపీ ఊడిపోకూడదని అడ్డంగా రంధ్రం వేసి 5 మి.మీ. బోల్టు బిగించాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను. మూడో రోజే ఫోన్ వచ్చింది: "బావా, నీ కడ్డీ చీలిపోయింది."

వెళ్ళి చూస్తే బోల్టుకు ఏమీ కాలేదు, టోపీకీ ఏమీ కాలేదు. బోల్టు దగ్గర మొదలైన చీలిక కడ్డీ కొసదాకా పోయింది. పక్కనే కాయలు ఏరుతున్న పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "వెదురుకు మేకు కొడితే చీలదా సామీ? కట్టాల గానీ కొట్టకూడదు" అన్నాడు. ఆయన తన వెదురు దోటికి కొక్కెం ఎలా కట్టాడో చూపించాడు. మేకు లేదు, రంధ్రం లేదు. జానెడు పొడవున బైండింగ్ వైరు వరసగా, ఒక చుట్టు పక్కన ఒక చుట్టు. అంతే.

ఫైబర్ కడ్డీ గురించి నాకు ఎవరూ అంతకంటే బాగా చెప్పలేదు. కింద రాసిందంతా ఆ మాట మీద ఆధారపడి, రెండు టోపీలు పాడుచేసుకున్నాక నేను నేర్చుకున్న పద్ధతి. దోటికే కాదు, ఏ ఫైబర్ కడ్డీ కొసకు లోహం తగిలించాలన్నా ఇదే వరస.

కడ్డీని ముందు అర్థం చేసుకోండి

మార్కెట్లో దొరికే గట్టి ఫైబర్ కడ్డీలు ఎక్కువగా పల్ట్రూజన్ పద్ధతిలో తయారవుతాయి. వేల గాజు పోగులను రెజిన్‌లో (గట్టిపడే జిగురు లాంటి ద్రవంలో) ముంచి, వేడి అచ్చులోంచి ఒకే దిక్కుగా లాగుతారు. అందుకే పోగులన్నీ కడ్డీ పొడవునా ఉంటాయి, అడ్డంగా పట్టేది ఒట్టి రెజిన్ మాత్రమే. పొడవునా లాగితే ఇనుముతో పోటీ పడుతుంది. అడ్డంగా నొక్కినా, పోగుకీ పోగుకీ మధ్య జారేలా లాగినా తేలిపోతుంది. చీపురుకట్టను మధ్యలో విరవడం కష్టం, ఒక పుల్ల లాగేయడం సులువు.

కాబట్టి మూడు పనులు చేయకండి. అడ్డంగా రంధ్రం వేయకండి: బోల్టు తనకూ కొసకూ మధ్య ఉన్న పోగులను ఒక్క ముక్కగా బయటికి తోసేస్తుంది. కడ్డీ మీద మరలు కోయకండి: ఆ మర పళ్ళన్నీ తెగిన పోగుల తుంపులే, నట్టు బిగించగానే పొడిపొడిగా రాలతాయి. టోపీ పెట్టి సుత్తితోనో వైస్‌తోనో నొక్కేయకండి: లోపల కడ్డీ నలిగిపోతుంది, పైకి కనబడదు కూడా.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. కరెంటు స్తంభాల మీద ఉండే పాలిమర్ ఇన్సులేటర్ల లోపల ఉండేది గాజు ఫైబర్ కడ్డీయే, వాటి ఉక్కు తలలను నొక్కే బిగిస్తారు కదా అని. నిజమే. కానీ అక్కడ చుట్టూ ఉన్న దవడలన్నీ ఒకేసారి, ఒకే ఒత్తిడితో, లెక్క ప్రకారం నొక్కుతాయి. మన వైస్‌కు ఉన్నవి రెండే దవడలు. ఆ పని మనది కాదు.

మనకు మిగిలింది జిగురు. చిన్నచూపు చూడకండి, లెక్క వేయండి. 16 మి.మీ. కడ్డీ టోపీలోకి 50 మి.మీ. దిగితే అతుకు వైశాల్యం సుమారు 2,500 చదరపు మి.మీ. మంచి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) కొత్తలో, నీడలో, చదరపు మి.మీ.కు 15–20 న్యూటన్లు పట్టగలదు. ఎండకు, వానకు, మన చేతివాటానికి తరుగు తీసేసి నేను 4 మాత్రమే లెక్క కడతాను. అయినా 10,000 న్యూటన్లు, అంటే దాదాపు ఒక టన్ను. కొక్కెం కొమ్మకు తగులుకుని మనిషి వేలాడినా అందులో పదో వంతు కాదు. జిగురు ఊడిందంటే దానికి బలం చాలక కాదు, దాన్ని మనం సరిగా పట్టనివ్వలేదు.

టోపీ: లేత్ అతనికి ఏం చెప్పాలి

ముందు కడ్డీని వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరంతో) నాలుగు చోట్ల కొలవండి. 16 అని అమ్మినవాటిలో నాకు 15.8 నుంచి 16.1 దాకా వచ్చాయి. టోపీ మూతి దగ్గర రంధ్రం కడ్డీకంటే 0.4 మి.మీ. పెద్దది కావాలి, అంటే చుట్టూ 0.2 మి.మీ. జిగురుకు చోటు. "టైట్‌గా కూర్చోవాలన్నా" అని లేత్ అతనితో పొరపాటున కూడా అనకండి. టైట్‌గా ఉంటే లోపలికి తోసేటప్పుడు జిగురంతా గీసుకుపోయి బయటికి వచ్చేస్తుంది, లోపల లోహమూ కడ్డీ ఒరుసుకుంటూ మిగులుతాయి. మరీ వదులైనా మంచిది కాదు, మందపాటి జిగురు పెళుసుగా ప్రవర్తిస్తుంది.

లోతు కడ్డీ వ్యాసానికి కనీసం మూడింతలు. 16కు 50 అని పెట్టుకోండి. 150 చేస్తే మూడింతలు బలం వస్తుందా అంటే రాదు. అతుకులో బరువు అంతటా సమానంగా పడదు, రెండు కొసల దగ్గరే ఎక్కువ పడుతుంది, మధ్యభాగం ఊరికే కూర్చుంటుంది. అందుకే పొడవుకంటే మూతి ముఖ్యం. చివరి 15 మి.మీ. టోపీని బయటివైపు సన్నగా తరిగించి, మూతి దగ్గర గోడ 1 మి.మీ. మందానికి తేవాలి. లోపలి అంచు పదును తీయించాలి. మందపాటి గోడ ఒక్కసారిగా ఆగిపోతే కడ్డీ వంగినప్పుడు సరిగ్గా అక్కడే విరుగుతుంది. మూతి పలచగా ఉంటే అదీ కడ్డీతోపాటు కాస్త వంగుతుంది.

రెండు చిన్న పనులు అదనంగా చేయించండి. ఒకటి, టోపీ అడుగున 2 మి.మీ. గాలి రంధ్రం. ఇది లేకపోతే లోపల చిక్కిన గాలి స్ప్రింగులాగా పనిచేసి, మీరు చేయి వదలగానే టోపీని మెల్లగా బయటికి నెడుతుంది. తెల్లారి చూస్తే అర అంగుళం పైకి లేచి, అలాగే గట్టిపడి ఉంటుంది. రంధ్రం లోహానికి వేస్తున్నాం, కడ్డీకి కాదు, భయం లేదు.

రెండోది నాకు బాగా నచ్చిన కిటుకు. టోపీ లోపలి రంధ్రాన్ని మూతి దగ్గర 16.4, అడుగున 17.2 ఉండేలా వాలుగా తీయించండి. చెంబులాగా, మూతి సన్నం, పొట్ట వెడల్పు. గట్టిపడ్డ జిగురు లోపల ఒక శంకువు అవుతుంది. ఎప్పుడైనా లోహం దగ్గర పట్టు వదిలినా ఆ శంకువు సన్నటి మూతిలోంచి రాలేదు, లాగేకొద్దీ కడ్డీని ఇంకా బిగించి పట్టుకుంటుంది. సుత్తి పిడి వదులైతే చెక్కముక్క దిగ్గొడతాం కదా, అదే సూత్రం తిరగేసి. చమురు బావుల్లో పంపును కిందికీ పైకీ లాగే ఫైబర్ కడ్డీలకు ఉక్కు తలలు బిగించేది ఇలాంటి వాలు మీదనే. లేత్ అతను ఇంకో వంద అడుగుతాడు, ఇచ్చేయండి.

గాజు ఫైబర్‌కు అల్యూమినియం టోపీ చాలు. ఉక్కుకంటే మూడో వంతు బరువు, దోటి కొసన ఆ తేడా సాయంత్రానికి భుజానికి తెలుస్తుంది. కార్బన్ కడ్డీ అయితే మాత్రం అల్యూమినియం వద్దు, ఎందుకో తరువాత చెప్తాను.

కోయడం

కోసేచోట మాస్కింగ్ టేపు రెండు చుట్లు చుట్టి, టేపు మీదే గీత గీసి, సన్నపళ్ళ హ్యాక్సా బ్లేడుతో కోయండి. చుట్టూ తిప్పుకుంటూ కోస్తే చివర పోగులు లేవవు. కడ్డీ మీద నీళ్ళు చిలకరిస్తూ ఉంటే దుమ్ము లేవదు. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. లుంగీ, బనియన్ మీద ఈ పని చేశారంటే రాత్రంతా దురద. పొడి పడితే రుద్దకుండా ముందు చన్నీళ్ళు ధారగా పోసుకోండి.

శుభ్రం చేయడం (ఇక్కడ తొందరపడొద్దు)

పది అతుకులు ఊడితే అందులో తొమ్మిది ఇక్కడ చెడినవే అని నా నమ్మకం. కడ్డీ అచ్చులోంచి జారి రావడానికి రెజిన్‌లో మైనం లాంటి పదార్థం కలుపుతారు. ఆ మెరుపు అదే. దాని మీద ఏ జిగురూ నిలవదు.

ముందు తెల్లటి నూలుగుడ్డ మీద అసిటోన్ పోసి తుడవండి. రుద్దడం దీని తరువాతే. ముందే రుద్దితే ఆ మైనాన్ని గీతల్లోకి కూరినట్టవుతుంది. తరువాత 120 నంబరు ఎమరీ పేపరుతో, టోపీలోకి పోయే 50 మి.మీ.తోపాటు ఇంకో 50 మి.మీ. కిందికి కూడా, మెరుపు పూర్తిగా పోయి పాలిపోయిన రంగు వచ్చేదాకా రుద్దండి. పోగులు పైకి తేలకముందే ఆపాలి. మళ్ళీ అసిటోన్, ఈసారి ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మార్చండి. గుడ్డకు మురికి అంటడం ఆగేదాకా.

ఇప్పుడు పరీక్ష. రుద్దినచోట మంచినీళ్ళు పోయండి. నీళ్ళు పలచటి పొరలాగా పరుచుకుని అలాగే నిలిస్తే శుభ్రమైనట్టు. చేమాకు మీద నీళ్ళలాగా ముత్యాలు కడితే ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్ళీ మొదటికి రండి. నేను మొదటిసారి చేసినప్పుడు మూడుసార్లు ముత్యాలే కట్టాయి. చివరికి తెలిసిందేమిటంటే, పొద్దున తలకు పెట్టుకున్న కొబ్బరినూనె చేతులకు ఉంది, ప్రతిసారీ తుడిచాక వేలితో తాకి చూసుకుంటున్నాను. గ్లవ్స్ వేసుకోండి, తాకకండి. పరీక్ష అయ్యాక పూర్తిగా ఆరబెట్టండి. మన దగ్గర మేలో ఐదు నిమిషాల ఎండ చాలు. కార్తీక మాసం వానల్లో అయితే హెయిర్ డ్రయ్యర్ కావాలి.

టోపీ లోపలికీ ఇదే మర్యాద. ఒక పుల్లకు ఎమరీ చుట్టి లోపల రుద్దండి, అసిటోన్ పోసి కడగండి. అల్యూమినియం మీద గాలికి కొత్త పొర త్వరగా కడుతుంది, కాబట్టి రుద్దిన గంటలోపే జిగురు పడాలి. ఇంకా మంచి పద్ధతి ఉంది: లోపల కాస్త జిగురు రాసి, ఆ తడి మీదే ఎమరీతో మళ్ళీ ఒకసారి రుద్దండి. బయటపడ్డ కొత్త లోహానికి గాలికంటే ముందు జిగురే తగులుతుంది. ఆ నల్లబడ్డ జిగురును తుడిచేసి, వెంటనే తాజాది రాయండి.

జిగురు

రెండు ట్యూబుల ఎపాక్సీ కావాలి, నిదానంగా గట్టిపడేది. ఐదు నిమిషాలది వద్దు, ఫెవిక్విక్ వద్దు, ఎమ్‌సీల్ ఈ పనికి కాదు. నా రెండో టోపీ ఐదు నిమిషాల జిగురుతోనే అతికించాను. తోటలో మధ్యాహ్నం దోటిని వ్యాను టాపు మీద పెట్టి అన్నాలకు కూర్చున్నారు. తిరిగొచ్చి కొక్కెం పట్టుకుని లాగితే టోపీ చేతిలోకి వచ్చేసింది. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి, త్వరగా గట్టిపడేవి ఇంకా ముందే. ఎండలో పెట్టిన లోహం ఆ వేడికి చేరడం మన ఊళ్ళో పెద్ద విషయం కాదు.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మామూలు అరాల్డైట్ నాకు సరిపోయింది. ట్యూబుల్లోంచి తీసి కొలిస్తే సమానం, తూకం వేస్తే రెజిన్ 100కు హార్డెనర్ (రెండో ట్యూబులో ఉండే, గట్టిపరిచేది) 80. తూకం వేసేవాళ్ళు ఈ తేడా మరిచిపోయి సమానంగా వేస్తుంటారు. "త్వరగా ఆరుతుందిలే" అని హార్డెనర్ ఎక్కువ వేయడమూ తప్పే. అది ఆరేది కాదు, రెండూ లెక్క ప్రకారం కలిసి గట్టిపడేది. మిగిలిపోయిన హార్డెనర్ లోపల మెత్తగానే ఉండిపోతుంది.

మూడు నిమిషాలు కలపండి, అంచులు గీకి మధ్యలోకి తెస్తూ. గిన్నెలో ముద్దగా ఉంచకండి. దాని వేడికి అదే ఉడుకుతుంది. పళ్ళెంలో పలచగా పరిచి వాడండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం దాదాపు సగమవుతుంది, కాబట్టి వేసవిలో ఈ పని పొద్దున ఏడింటికి పెట్టుకోండి.

అతికించడం

కడ్డీ టోపీలో నడిమధ్యన నిలబడాలి, లేకపోతే ఒకవైపు జిగురు ఉండదు. దీనికి మెత్తటి కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు తీసుకోండి, సుమారు 0.2 మి.మీ. ఉంటుంది, వెర్నియర్‌తో సరిచూసుకోండి. దాన్నీ అసిటోన్‌తో తుడిచి, కడ్డీకి ఒక్క చుట్టు చుట్టండి, టోపీ మూతికి 5 మి.మీ. లోపల పడేలా. కొస దగ్గర వాలు వల్ల చోటు వెడల్పే, కానీ అక్కడ ఒకదాని మీద ఒకటి చుట్లు వేయకండి, సన్నటి మూతిలోంచి దూరవు; కడ్డీ టోపీలో నిటారుగా ఉందో లేదో చూసుకోండి.

కడ్డీకి జిగురు పూయండి, కోసిన కొసకు కూడా. ఆ తెరిచిన పోగుల సందుల్లోంచే తేమ ఎక్కుతుంది. టోపీ లోపల గోడలకు పూసి, అడుగున కొంచెం పోయండి. గాలి రంధ్రానికి అప్పుడే ఏమీ అడ్డం పెట్టకండి. కడ్డీని మెల్లగా తిప్పుతూ, ఒకే వైపు తిప్పుతూ, కిందికి దించండి. మధ్యలో వెనక్కి లాగితే గాలి పీలుస్తుంది, ఆ బుడగ అలాగే ఉండిపోతుంది. గాలి రంధ్రంలోంచి జిగురు చుక్క బయటికి వచ్చిందంటే లోపల నిండినట్టు. అప్పుడు రంధ్రం మీద టేపు అంటించి, టోపీ కిందికి ఉండేలా కడ్డీని నిటారుగా నిలబెట్టి గోడకు కట్టేయండి. మూతి దగ్గర పొంగిన జిగురును తుడిచేయకండి. గ్లవ్స్ వేలితో చుట్టూ వాలుగా నునుపు చేయండి, ఆ చిన్న వాలు మూతి దగ్గర ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది.

ఒక రోజు దాన్ని ముట్టుకోకండి. పట్టిందా లేదా అని కదిపి చూడాలనే కోరిక అందరికీ ఉంటుంది, పళ్ళెంలో మిగిలిన జిగురును గోటితో నొక్కి చూసుకోండి.

మరుసటి రోజు దానికి వేడి చూపించాలి. నేను ఒక పెద్ద అట్టపెట్టెలో 100 వాట్ల పాతకాలం బల్బు వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి, టోపీ ఉన్న కొసను అందులోకి దూర్చి 60 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచుతాను. బల్బు అట్టకు తగలకూడదు, మీరు అక్కడే ఉండాలి. ఇలా వేడి తగిలిన ఎపాక్సీ తరువాత ఎండను ఇంకా బాగా తట్టుకుంటుంది.

చివరగా పెద్దాయన చెప్పిన కట్టు. టోపీ మూతి నుంచి కిందికి, ముందే రుద్ది ఉంచిన 50 మి.మీ. మేర, గాజు ఫైబర్ టేపునో దారాన్నో ఎపాక్సీలో తడిపి వరసగా చుట్టండి, మొదటి చుట్లు టోపీ మూతి మీదికి కాస్త ఎక్కేలా. పొడవునా ఉన్న పోగులు విడిపోకుండా అడ్డంగా పట్టేది కడ్డీలో ఏదీ లేదని చెప్పాను కదా, ఈ చుట్టు ఆ లోటు తీరుస్తుంది.

బరువు వేసి చూడండి

టోపీ మూతికీ కట్టుకూ కలిపి మార్కర్‌తో ఒక సన్నటి గీత గీయండి. ఇది జారుడును పట్టిస్తుంది. కొక్కెంను గట్టి దూలానికి తగిలించి, కడ్డీ రెండో కొసకు తాడుతో రెండు సిమెంటు బస్తాలు వేలాడదీయండి, 100 కిలోలు. కడ్డీ కింద మీ కాళ్ళు ఉండకూడదు. పావుగంట ఉంచండి, ఒకసారి మధ్యాహ్నం ఎండలో కూడా. చెవి దగ్గరగా పెట్టి వినండి. మొదట్లో ఒకటి రెండుసార్లు టిక్‌మంటే పరవాలేదు. బరువు అలాగే ఉండగా టిక్కు టిక్కు అని ఆగకుండా వస్తుంటే లోపల పగులు నడుస్తున్నట్టు, దించేయండి. గీత తెగి పక్కకు జరిగినా అంతే.

పది చేయబోతున్నవాళ్ళు అయితే పొట్టి ముక్కలతో ఒకటి రెండు అదనంగా చేసి, కావాలనే విరగ్గొట్టండి. విరిగినచోట లోహం శుభ్రంగా మెరుస్తుంటే లోహాన్ని సరిగా రుద్దలేదు. కడ్డీ నున్నగా బయటికి వచ్చి జిగురంతా టోపీలోనే ఉంటే కడ్డీ మైనం పోలేదు. రెండువైపులా జిగురు ఉంటే పని బాగుంది, జిగురే తన శక్తి మేరకు పోరాడి విరిగింది. జిగురుకు గాజు పోగులు అంటుకుని వచ్చాయంటే ఇంకేం కావాలి, కడ్డీ తోలు ఊడిందే గానీ అతుకు ఊడలేదు.

కార్బన్ తెచ్చేవాళ్ళకు

తిరుపతి ఇంజనీరింగ్ పిల్లలు పోటీ కార్లకూ డ్రోన్లకూ కార్బన్ కడ్డీలు పట్టుకుని లేత్ షాపులకు వస్తుంటారు. పద్ధతి ఇదే, రెండు మార్పులతో. కార్బన్‌కు నేరుగా అల్యూమినియం తగిలి, తేమ కూడా చేరితే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. అల్యూమినియం తెల్లపొడిగా తినుకుపోతుంది, జిగురు కింద నుంచి లేచిపోతుంది. స్టెయిన్‌లెస్ టోపీ వాడండి. బరువు లెక్క వల్ల అల్యూమినియమే కావాలంటే మధ్యలో ఒక పలచటి గాజు గుడ్డ పొర ఎపాక్సీతో చుట్టి, రంధ్రం ఆ మేరకు పెద్దది చేయించండి. నడిమధ్యన నిలపడానికి రాగి పోగు బదులు చేపల గాలం దారం వాడండి. రెండోది, కార్బన్ పొడి కరెంటును పారనిస్తుంది, మోటార్లూ సర్క్యూట్లూ ఉన్న టేబుల్ మీద కోయకండి.

అదే కారణంతో కార్బన్‌ను దోటికి ఎప్పుడూ వాడకండి. మన తోటల మీదుగా 11 కేవీ తీగలు పోతుంటాయి. అల్యూమినియం దోటి ఎంత ప్రమాదమో కార్బన్ దోటీ అంతే. గాజు ఫైబర్ కరెంటును ఆపుతుంది కదా అని ధైర్యపడటానికీ లేదు. తడిసినా, మామిడి జీడి, దుమ్ము పట్టినా ఆ నమ్మకం పోతుంది. తీగ కిందున్న చెట్టు కాయలు కోయాలంటే ముందు లైన్ ఆపించాలి.

ఏడాదికొకసారి, సీజన్ మొదలయ్యే ముందు, టోపీ చుట్టూ రూపాయి బిళ్ళతో కొట్టి చూడండి. అంతటా ఒకే కంగుమనే మోత రావాలి. ఒకచోట మొద్దుగా పలికితే అక్కడ అతుకు వదిలింది. అప్పుడు టోపీని హాట్ ఎయిర్ గన్‌తో చుట్టూ తిప్పుతూ వేడి చేయండి. జిగురు మెత్తబడ్డాక తోలు గ్లవ్స్‌తో పట్టుకుని మెలి తిప్పితే పట్టు వదులుతుంది. లోపల వాలు ఉంది కాబట్టి ఒక్క ఊపున రాదు, ఇంకాస్త వేడి చూపించి తిప్పుతూ లాగాలి. గ్యాస్ మంట పెట్టకండి, కడ్డీ రెజిన్ కాలిపోతుంది. టోపీ లోపల పాత జిగురు గీకేసి మళ్ళీ వాడుకోవచ్చు, కడ్డీని మాత్రం ఆ 50 మి.మీ. కోసి పారేసి కొత్త కొసతో మొదలుపెట్టండి.